నది జరిగిన ఎండాకాలం

ఆ ఎండాకాలం మాకు రెండు పొయ్యిలు వెలిగాయి. ఒకటి మహారాష్ట్ర వైపు సిరోంచలో, బస్టాండు వెనక మా ఇంట్లో. రెండోది ప్రాణహిత అవతల, తెలంగాణ వైపు అర్జునగుట్టలో, మా ఆవిడకు చోటిచ్చిన పోశమ్మ ఇంటి వసారాలో. మధ్యలో నది, నది మీద వంతెన, వంతెన మీద రోజూ టిఫిన్ డబ్బాతో నేను. అవతల పొయ్యి ఉన్నా మా ఆవిడ వండుకోదని నాకు తెలుసు. ఊరందరి గోడు వినే మనిషికి తన ఆకలి గుర్తుండదు. గుమ్మం కదలకుండా మిషన్ తొక్కుకునే దర్జీని, ఈ వయసులో రెండు రాష్ట్రాల మధ్య పప్పూ రొట్టెలూ మోస్తానని కలలో కూడా అనుకోలేదు.

మా ఆవిడ పేరు అఖ్తర్ బీ. అడవి ఊళ్లలో మాత్రం బీబక్క. రేషన్ ఆగిన ముసలమ్మలు, పోడు భూమికి పట్టా రాని రైతులు, కూలి అందని ఆడవాళ్లు, ఠాణాలో కూర్చోబెట్టిన కొడుకుల కోసం ఏడ్చే తల్లులు, అందరూ మా గడప తొక్కినవాళ్లే. నేను బట్టలు కుట్టే గదిలోనే ఆమె దర్బారు. కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు ఆమె మాటలు వింటూ కూర్చుని, కొలతలు ఇవ్వకుండానే వెళ్లిపోయేవారు. పెళ్లయిన కొత్తలో ఇవన్నీ వద్దని గట్టిగానే చెప్పి చూశాను. తర్వాత చెప్పడం నాకు, వినకపోవడం ఆమెకు అలవాటైపోయాయి.

మా వైపు ఎండాకాలం అంటే తునికాకు కాలం. బీడీలకు పోయే ఆ ఆకు మీదే అడవి ఊళ్ల ఏడాది గడవాలి. అంతకు ముందు ఏడాది ఆమె మాట మీద కొన్ని ఊళ్లు గుత్తేదారు చెప్పిన రేటుకు ఆకు ఇవ్వబోమన్నాయి. గుత్తేదారు కోపం ఎక్కడెక్కడ తిరిగి ఎవరి చెవిన పడిందో గాని, మరుసటి ఎండాకాలం తునికి కొమ్మలు కొట్టి కొత్త చిగురు ఎర్రగా వస్తున్న రోజుల్లో తడీపార్ ఆర్డరు వచ్చింది. తడీపార్ అంటే జిల్లా దాటి వెళ్లిపోవాలి. గడువు తీరేదాకా తిరిగి కాలు పెట్టకూడదు. గుండాలకూ సారా బేరగాళ్లకూ ఇచ్చే ఆర్డరు అది. మా ఆవిడ జనాన్ని రెచ్చగొడుతోందట. ఆమె జనాన్ని రెచ్చగొట్టడమేమిటి, జనమే తెల్లారకముందు వచ్చి ఆమెను లేపుకుపోయేవాళ్లు.

ఆర్డరు తెచ్చిన కానిస్టేబుల్ ప్రకాష్ మాకు తెలిసిన పిల్లవాడే. అతని తల్లికి వితంతు పింఛను ఇప్పించడానికి అఖ్తర్ ఎన్ని ఆఫీసులు తిరిగిందో నాకు తెలుసు. అతను తొడుక్కున్న ఖాకీ ప్యాంటు నేను కుట్టిందే. లోపలికి రాకుండా గుమ్మం దగ్గర నిలబడి తన బూట్లు తానే చూసుకుంటున్నాడు.

"చాచీ, నా డ్యూటీ ఇది. ఏమనుకోకు," అన్నాడు.

"నువ్వు తేకుంటే ఇంకొకడు తెస్తడు. వాడైతే చాయ్ గూడ తాగకుండ పోతడు. కూసో," అంది అఖ్తర్.

అప్పటికే మా ఒక్కగానొక్క కూతురు మహెజబీన్ అహేరీలో అత్తగారింటి నుంచి కాన్పుకు వచ్చి ఉంది. తొలి కాన్పు పుట్టింట్లోనే, తల్లి చేతుల మీదే జరగాలని మాలోనూ పట్టింపు. వానలు మొదలయ్యే సరికి బిడ్డ పుట్టాలి. ఆర్డరేమో దసరా దాటేదాకా ఉంది. తల్లి చీరలు మూట కట్టుకుంటుంటే కూతురు తలుపుకు ఆనుకుని చూస్తూ నిలబడింది.

"ఎంతమంది కాన్పులకు ఉరికినవ్ అమ్మీ. నా కాన్పుకు నది అవతల కూసుంటవా?" అంది.

అఖ్తర్ కూతురి తల నిమిరి, మూట నా బండి మీద పెట్టించి, వెనక కూర్చుంది. వంతెన దాటేదాకా నా భుజం మీద ఆమె చెయ్యి బిగుసుకునే ఉంది.

ఒక దారి లేకపోలేదు. ఇక మీదట ఏ ఊరి మీటింగుకూ వెళ్లనని, ఎవరి తరఫునా మాట్లాడనని ఒక కాగితం మీద సంతకం పెడితే ఆర్డరు వాపసు తీసుకుంటామని, దాన్ని ఇచ్చిన పెద్ద సాహెబు కబురు పంపాడు. నేను ఆ దారివైపే ఉన్నాను. దాచుకోవడానికేం లేదు, నాకు మా ఆవిడ ఇంట్లో కావాలి, నా కూతురు పక్కన ఉండాలి. రోజూ డబ్బా ఇస్తూ అదే పాట పాడాను. ఆమె రొట్టె తుంచుకుంటూ, పచ్చడి బాగా కుదిరిందనేది. అంతకు మించి ఒక్క ముక్క రాబట్టలేకపోయాను.

ఇంతలో, ఆమెను తెల్లారకముందే లేపుకుపోయేవాళ్లలో ఒకడైన జంగు వాళ్ల గోండు ఊరికి పీకల మీదికి వచ్చింది. ఆ సంవత్సరం గుత్తేదారు చెప్పినట్టు ఆకు అప్పజెప్పాలా, ఊరే కల్లం పెట్టుకుని, కట్టలు ఎండబెట్టుకుని వేలం వేసుకోవాలా అన్నది తేల్చుకోవాలి. చిగురు ఎవరి కోసమూ ఆగదు. ముదిరితే బీడీకి పనికిరాదు. కాని ఆ ఊళ్లో చేతులెత్తి లెక్కపెట్టే పద్ధతి లేదు. ఊరి మనుషులంతా గుండ్రంగా కూర్చోవాలి, ప్రతి ఒక్కరూ మాట్లాడాలి. ఊరి మనిషి ఒక్కరు తక్కువైనా మాట తెగదు, మర్నాడు మళ్లీ కూర్చుంటారు. ఎప్పుడో ఒక కరువు ఏడాది బీబక్కను ఊరి మనిషిగా కలుపుకున్నారు. ఆమె లేకుండా రెండుసార్లు కూర్చుని, రెండుసార్లూ ఊరికే లేచారు. చివరికి ఊరే నది దగ్గరికి వచ్చింది.

ఎండాకాలంలో ప్రాణహిత మడమ లోతు నీళ్లతో, కనుచూపు మేర ఇసుకతో ఉంటుంది. నీళ్లకు ఇవతల, సిరోంచ వైపు ఇసుకలో ఊరివాళ్లు కూర్చున్నారు. అవతల గొడుగు పట్టుకుని మా ఆవిడ కూర్చుంది. నీళ్లే హద్దు. ఈ ఒడ్డున పుట్టిన ఎవర్నడిగినా అదే చెప్తారు. వల వేసేవాళ్లయినా, ఇసుకలో పుచ్చ తోట పెట్టేవాళ్లయినా నీళ్లకు ఇవతలిది మనది, అవతలిది వాళ్లది అనుకునే బతికారు. నిఘా కోసం ప్రకాష్‌ను పంపారు. అతనూ ఈ ఒడ్డు బిడ్డే కదా. బాలన్న పుచ్చ తోట గుడిసె నీడలో కూర్చుని, చాచీ నీళ్లు దాటకుండా చూస్తే తన పని అయిపోయిందనుకున్నాడు.

ఇన్నేళ్లలో నేను ఆమె వెంట ఒక్క మీటింగుకూ వెళ్లలేదు. నాకు పని, ఆమెకు పని. ఆ వారాల్లోనే, డబ్బా ఇచ్చి వెళ్లిపోకుండా ఇసుకలో కూలబడి చూశాను. ఆమె ఎక్కడికెళ్లినా ఉపన్యాసాలు దంచుతుందనుకునేవాణ్ని. మా ఇంట్లో నాకు వినిపించేదంతా అదే మరి. కాని అక్కడ ఆమె మాట్లాడింది చాలా తక్కువ. ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడుగుతోంది. రాజుబాయి అనే పెద్దావిడ గోండీలో మెల్లగా ఏదో చెప్తే, జంగు దాన్ని తెలుగులోకి మార్చి అరుస్తున్నాడు. గాలికి మాట సగంలో పోతే ప్రకాష్ లేచి నిలబడి, ఆ మాటను చాచీకి వినపడేలా తిరిగి చెప్తున్నాడు. జనాన్ని రెచ్చగొట్టకుండా కాపలా కాయమని పంపిన పోలీసు ఇటు మాట అటు మోస్తుంటే నాకు నవ్వు ఆగలేదు.

రాజుబాయికి భయం. వేలంలో ఎవరూ రాకపోతే ఆకు కల్లంలోనే పొడి అయిపోతుంది, పిల్లలు ఏం తింటారని ఆమె అడుగుతోంది. ఆమె భయం తీరేదాకా ముందుకు పోవద్దని మా ఆవిడ అంటోంది. ఇంట్లో నా మాట పూర్తి కానివ్వని మనిషి, ఒక ముసలమ్మ భయం కోసం రోజుల తరబడి ఎండలో కూర్చుంది. నాకు కొంచెం కుళ్లు కూడా కలిగింది. కాని అంతకంటే ఎక్కువగా, ఈమె నా భార్య అని పక్కనున్నవాళ్లతో చెప్పుకోవాలనిపించింది. పుచ్చ తోట బాలన్నతో చెప్పాను కూడా. తెలుసులే అన్నట్టు చూసి నా చేతిలో ఒక పుచ్చ ముక్క పెట్టాడు.

ఒకనాడు సాహెబు మనుషులు, భూమి కొలిచే మోజణీ వాళ్లను వెంటబెట్టుకుని నదిలోకి దిగారు. నక్షా చూసుకుంటూ, కొలుచుకుంటూ నీళ్లు దాటి, మా ఆవిడను దాటి, ఇంకా చాలా దూరం పోయి అక్కడ ఇసుకలో ఎర్ర జెండా పాతారు. హద్దు అక్కడట. కిందటి వానాకాలం వరదకు నీళ్లు మా వైపు జరిగాయి, నక్షాలో గీత మాత్రం ఉన్నచోటే ఉంది. అంటే ఇన్ని రోజులూ అఖ్తర్ కూర్చున్నది మహారాష్ట్రలోనే. ఆర్డరును రోజూ తొక్కుతూనే ఉంది. నీళ్లు దాటలేదని రోజూ పైవాళ్లకు చెప్పిన ప్రకాష్ ముఖంలో నెత్తురు లేదు.

ఆ రోజుకు వదిలేశారు. రేపు పొద్దున ఇదే చోట ఏ సంగతో చెప్పాలన్నారు. సంతకం పెడితే ఇది కూడా మర్చిపోతారు. పెట్టకపోతే కేసు, జైలు. ఆ కాగితం నా చేతికే ఇచ్చారు. మొగుడి మాట వింటుందనుకున్నారో ఏమో, పాపం.

మర్నాడు పొద్దున్నే మహెజబీన్‌ను ఆటోలో నది దాకా తీసుకెళ్లాను. నా మాటకు కరగని మనిషి కూతుర్ని చూస్తే కరుగుతుందని నా ఎత్తు. ఇన్‌స్పెక్టరు జీపు ఒడ్డు మీదే ఆగింది. ఇసుకలోకి మేం ముగ్గురం దిగాం, నేను, మహెజబీన్, మా వెనక ప్రకాష్. కూతురి చెయ్యి పట్టుకుని నీళ్లు దాటించాను. పాదాలు వాచి చెప్పులు పట్టక, ఉత్తి కాళ్లతోనే వచ్చింది. అఖ్తర్ తన చెప్పులు ఇసుకలో విడిచి ఎదురొచ్చింది. కూతుర్ని గొడుగు నీడలో కూర్చోబెట్టి, ఆ తడి పాదాలను ఒళ్లో పెట్టుకుని కొంగుతో తుడిచింది. తుడిచిన పాదాన్నే మళ్లీ మళ్లీ తుడుస్తోంది.

"ఇంత వాపొచ్చిందా? చెప్పలేదేంది నాకు?" అంది నన్ను చూసి.

 ఆమె నీళ్ల వైపు చూసింది. ఊరివాళ్లు ఇంకా రాలేదు. తర్వాత నా చేతిలోని కాగితం తీసుకుని మోకాలి మీద పరుచుకుంది.

"కలం ఇయ్యుండ్రి," అంది.

నేను వారాల తరబడి పాడిన పాట చివరికి ఆమె చెవికి ఎక్కింది. కలం నా చొక్కా జేబులోనే ఉంది.

"మర్చిపోయొచ్చిన," అన్నాను.

ఆమె నా జేబు వైపు చూసింది. నేను నది వైపు చూశాను. ఆమె ప్రకాష్ వైపు తిరిగింది. అతను జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, తన దగ్గర కూడా లేదన్నాడు. మహెజబీన్ మా ముఖాలు వరసగా చూసింది. దాహంగా ఉందంది. నీళ్ల సీసా మూత తీసి ఇచ్చాను. 

అలా ఎందుకన్నానని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ఆమె సంతకం పెట్టి వస్తే నా ఇల్లు నాకు నిండుగా ఉండేది. కాని ఆ ఇసుకలో నేను చూసి మురిసిన మనిషి మాత్రం ఇంటికి వచ్చేది కాదు. ఆమె మీద నాకు అంత ప్రేమ ఉందని ఆ రోజుదాకా నాకే తెలియదు. ఉంటే ఉందిలే అన్నట్టు బతికేశాను.

ఇన్‌స్పెక్టరు వచ్చి సంతకం లేని కాగితం చూసి, జీపెక్కమన్నాడు. ఆ హడావిడిలో ఆమె చెప్పులు ఇసుకలోనే ఉండిపోయాయి. వింత ఏమిటంటే, జిల్లాలోకి అడుగు పెట్టకూడదన్న మనిషిని పోలీసులే జీపులో కూర్చోబెట్టుకుని సిరోంచకు తీసుకొచ్చారు.

కోర్టులో జడ్జి గారు ఆర్డరు ఉండగా జిల్లాలోకి ఎందుకొచ్చావని అడిగారు. ఆమె చేతులు కట్టుకుని, "నేను రాలేదు సాహెబ్. నదే జరిగింది," అంది. గదిలో అందరూ నవ్వారు. జడ్జి గారు కిందికి చూసుకుని ఏదో రాసుకున్నారు. ఇంటి కాగితం పెట్టి నేను జమానతు నిలబడ్డాను. కేసు తర్వాత విచారిస్తామన్నారు. కాని ఆర్డరు ఆర్డరే, పొద్దు గూకేలోపు మళ్లీ జిల్లా దాటించాలన్నారు.

బయటికి వచ్చేసరికి కోర్టు ముందు వేపచెట్టు కింద జంగు వాళ్ల ఊరు ఊరంతా ఉంది. రాజుబాయి ముందుకొచ్చి అఖ్తర్ కాళ్ల దగ్గర చెప్పులు పెట్టింది. ఆ పొద్దున వాళ్లు నదికి వచ్చేసరికి జీపు వెళ్లిపోయిందట. ఇసుకలో చెప్పులు కనపడితే వాటిని తెచ్చి గుండ్రంలో ఆమె చోట పెట్టుకుని కూర్చున్నారట. మాట తెగింది. ఊరే కల్లం పెడుతుంది, ఊరే వేలం వేస్తుంది. భయపడ్డ రాజుబాయే అందరికంటే ముందు ఆ మాట అందట.

"నేను లేకుండనే తెగ్గొట్టిండ్రా?" అంది అఖ్తర్. సంతోషమూ ఉంది, లోపల ఎక్కడో చిన్న ముల్లూ గుచ్చుకుంది. నాకు ఆ గొంతు తెలుసు.

"నీ చెప్పులున్నయి గద బీబక్కా. నీకంటె తక్కువ మాట్లాడినయి," అన్నాడు జంగు. అంతా నవ్వారు, అందరికంటే గట్టిగా ఆమె నవ్వింది.

సాయంత్రం ఆమెను దాటించే జీపు, బట్టలు తెచ్చుకోవడానికని మా ఇంటి ముందు ఆగింది. ఆమెను దిగనివ్వలేదు. ముందు సీట్లో ఇద్దరు పోలీసులు, వెనక ప్రకాష్, అతని పక్కన అఖ్తర్. నేను చీరల మూట తెస్తుంటే నా వెనకే మహెజబీన్ వచ్చింది. దాని చేతిలో ఇంకో మూట ఉంది. పుట్టబోయే బిడ్డ కోసం నేను మిగులు గుడ్డలతో కుట్టి పెట్టిన చిన్న చిన్న చొక్కాలు అందులోంచి బయటికి కనపడుతున్నాయి. అది జీపు మెట్టు మీద కాలు పెట్టి, కమ్మీ పట్టుకుంది.

"ఏంది, ఎటు వస్తున్నవ్?" అన్నాడు ముందు సీటు పోలీసు.

"కాన్పుకు. మా అమ్మీ ఇంటికి పోతున్న," అంది మహెజబీన్. "మీరు ఆమె ఇల్లు నది అవతల పెట్టిండ్రు. నేను గూడ ఆడికే పోవాలె."

ఇది ఏ ఆర్డరులోనూ లేదని ఆయన గొణిగాడు. వద్దని కూడా ఏ ఆర్డరులోనూ లేదు. ప్రకాష్ జరిగి చోటిచ్చి, దాని మోచెయ్యి పట్టుకుని పైకి ఎక్కించాడు. ఒకప్పుడు లాఠీ దెబ్బలు తిన్నా ఏడవని, కోర్టులో నవ్వించిన మా ఆవిడ, కూతురు పక్కన కూర్చోగానే దాని భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. పోలీసుల ముందు, వీధిలో అందరి ముందు, ముఖం కూడా దాచుకోకుండా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. చీరల మూట ఇవ్వడం మర్చిపోతే ప్రకాషే చెయ్యి చాచి అందుకున్నాడు.

వానలకు ముందు, చెన్నూరు దవాఖానాలో మనవరాలు పుట్టింది. మొదట చేతుల్లోకి తీసుకున్నది అఖ్తరే. అప్పటికి జంగు వాళ్ల ఊరి ఆకు అమ్ముడుపోయింది. రాజుబాయి వంతెన మీదుగా నడిచి వచ్చి, పిల్లను ఒళ్లో వేసుకుని గోండీలో ఏదో చాలాసేపు చెప్పింది. ఏం చెప్పిందో నేనడగలేదు, పిల్ల మాత్రం బుద్ధిగా విన్నది.

కాని ఆ ఎండాకాలం అనగానే నాకు కళ్ల ముందుకు వచ్చేది ఆ సాయంత్రమే. జీపు వెళ్లిపోయాక ఇంట్లోకి వచ్చి కూర్చున్నాను. ఎవరి మాటలూ లేని ఆ గదిలో మిషన్ తొక్కబోతే కాలు ఆడలేదు. లేచి షాపుకు తాళం వేశాను. పక్కింటివాళ్ల సాయంతో మిషన్‌ను ఆటోలోకి ఎక్కించి, దాన్ని పట్టుకుని కూర్చున్నాను. వంతెన దగ్గరికి చేరేసరికి జీపు వాళ్లను దింపి తిరిగి వస్తోంది. మమ్మల్ని చూసి ఆగింది. ప్రకాష్ దిగి వచ్చి ముందు మిషన్ వైపు, తర్వాత నా వైపు చూశాడు.

"చాచా, నీ మీద గూడ ఆర్డర్ వచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది. మా బిడ్డ ఇచ్చింది," అన్నాను.

అతను నవ్వలేదు. మిషన్ ఒక పక్కకు జారుతోందని, ఆటో చుట్టూ తిరిగి వచ్చి తాడు బిగించి కట్టాడు.